మౌంటు కింద సైనికుడు

ఫ్రేముల షాపులో ఇంకు అడుగు పెట్టేసరికి అతని మొహం సగమే పనిచేస్తోంది.

పన్ను పీకినప్పటి మత్తు ఇంకా దిగలేదు. ఎడమ బుగ్గలో దూది ఉంది. చంకలో పెద్ద ఫ్రేము, దాని చుట్టూ అతని రెయిన్‌కోటు. ఫ్రేము పొడిగా ఉంది. మనిషి తడిసి ముద్దయ్యాడు.

అతను ప్రెస్సులో పనిచేస్తాడు. చొక్కా మీద ఎప్పుడూ ఏదో ఒక మరక ఉంటుంది కాబట్టి అందరూ ఇంకు అనే పిలుస్తారు. పాతకాలం యుద్ధ చిత్రాలకు నకళ్ళు తీయడం అతని పని. అసలువి ఎక్కడో మ్యూజియంలలో ఉంటాయి. నకళ్ళను జనం ఇళ్ళల్లో సోఫా వెనక గోడకు పెట్టుకుంటారు. గుర్రాలు, ఫిరంగులు, జెండాలు, పొగ. ఎందుకో జనానికి అవంటే ఇష్టం.

ఆ నకళ్ళు వ్యానులో ఈ షాపుకి వస్తాయి. ఇక్కడ అద్దం, కర్ర, మౌంటు వేసి అమ్ముతారు. మౌంటంటే బొమ్మ మీద పరిచే తెల్లటి అట్ట. దాని మధ్యలో కిటికీలా కోస్తారు. కిటికీలోంచి కనిపించిందే బొమ్మ. మిగతాది అట్ట కిందికి పోతుంది.

కిటికీ కోసేది షాపు యజమానురాలి మేనకోడలు. ఆమెను బ్లేడు అంటారు. చేతిలో పనిముట్టు వల్ల ఆ పేరొచ్చిందని ఆమె చెబుతుంది. నోటి వల్ల వచ్చిందని మిగతావాళ్ళు చెబుతారు.

ఇంకు ఫ్రేము బల్ల మీద పెట్టి, కింది అంచు మీద వేలితో కొట్టాడు.

"ఏడీ?" అన్నాడు.

"ఎవరు?" అంది బ్లేడు.

"మనిషి."

"నవ్వుతూ అడిగితే ఎలా అండీ. ఏ మనిషి?"

"నవ్వడం లేదు. ఇది కోపం."

బ్లేడు అతని మొహాన్ని అటూ ఇటూ చూసింది. కుడివైపు కోపంగానే ఉంది. ఎడమవైపు జారిపోయి చిరునవ్వులా ఉంది.

"పన్ను పీకించుకున్నాను," అన్నాడు ఇంకు.

"మేం పళ్ళు కట్టమండీ. ఫ్రేములే కడతాం. పళ్ళ డాక్టరు పక్క వీధి."

"అక్కణ్ణించే వస్తున్నా. ఇది ఆయన గోడ మీదదే. అడిగి తెచ్చాను. ఈ నకలు తీసింది నేను. ఇక్కడ అడుగున ఒక సైనికుడు పడి ఉండాలి. మీరు కోసేశారు."

"మేం బొమ్మని కోయం. అట్టని కోస్తాం. మీ సైనికుడు అట్ట కింద ఉన్నాడు. హాయిగా ఉన్నాడు."

"ఎందుకున్నాడు అక్కడ?"

"చచ్చిపోయాడు కాబట్టి."

లోపలి గదిలోంచి అత్తయ్య వచ్చింది. షాపు ఆమెదే. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని సంగతి వింది.

"బాబూ, ఇది ఈ షాపు పద్ధతి," అంది. "ఇంట్లో పెట్టుకునే యుద్ధంలో చావు కనబడకూడదు. ఒకాయన కొనుక్కెళ్ళి భోజనాల బల్ల ఎదురుగా తగిలించుకున్నాడు. వాళ్ళ అత్తగారు ముద్ద ఎత్తినప్పుడల్లా గోడ మీది శవం తనవైపే చూస్తోందట. ఆవిడ తిండి మానేసింది. ఆయన ఫ్రేము తెచ్చి నా మొహాన పెట్టాడు. అప్పట్నించీ కింద రెండు వేళ్ళ మేర మూసేస్తున్నాం."

అది నిజమే. ఆ వీధుల్లో ఏ ఇంటికి వెళ్ళి చూసినా యుద్ధాల్లో ఒక్కడూ చావడు. కత్తులు తళతళలాడతాయి, గుర్రాలు గాల్లోకి లేస్తాయి, సాయంత్రానికి అందరూ బట్టలు దులుపుకుని ఇంటికి పోతారన్నట్టుగా ఉంటుంది.

"అతను చావలేదండీ," అన్నాడు ఇంకు.

"పడుకున్నాడా?" అంది బ్లేడు.

ఇంకు ఫ్రేము తిరగేసి, వెనక అంటించిన గోధుమరంగు కాగితం చించి, మేకులు వంచి, బొమ్మ బయటికి తీశాడు. మౌంటు ఎత్తి పట్టుకున్నాడు.

బ్లేడు వంగి చూసింది.

నీలం కోటు సైనికుడు నేల మీద ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అతని పక్కన ఎర్రకోటు వాడొకడు, అంటే శత్రువు, మోకాలి మీద కూర్చున్నాడు. ఒక చేత్తో ఇతని తల ఎత్తి పట్టుకున్నాడు. రెండో చేతిలో తన లోహపు టోపీ ఉంది. దాన్నిండా నీళ్ళు. పైన అంత పెద్ద యుద్ధం జరుగుతుంటే ఈ ఇద్దరూ మాత్రం వేరే పనిలో ఉన్నారు.

ఈ బొమ్మకి బ్లేడు ఎన్నో మౌంట్లు కోసింది. స్కేలు పెట్టి కొలిచింది తప్ప అడుగున ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఆమెకి కాసేపు మాట రాలేదు. అత్తయ్య కళ్ళజోడు కిందికి దించుకుని మేనకోడలి వైపు చూసింది. అలాంటిది ఆ షాపులో ఎప్పుడూ జరగలేదు.

"అయినా నెత్తురుంది," అంది బ్లేడు చివరికి.

"ఆ ఎరుపు కోసం ఎంత కష్టపడ్డానో మీకు తెలీదు."

"తెలుసుకుని ఏం చెయ్యాలి? ఫ్రేము వదిలేసి వెళ్ళండి. వెనక కాగితం చించేశారుగా. మళ్ళీ అంటించి డాక్టరు గారికి మేమే పంపిస్తాం."

"ఈసారి వచ్చే నకళ్ళలో ఆ మనిషిని ఎలా దాస్తారో చూస్తాను."

"చూద్దురు గాని. ముందు ఆ దూది మింగకుండా చూసుకోండి."

ఇంకు వానలోకి వెళ్ళిపోయాడు. రెయిన్‌కోటు బల్ల మీదే మర్చిపోయాడు.

*

తరవాతి నకళ్ళను వ్యాను తేలేదు. ఇంకు తెచ్చాడు. వ్యాను డ్రైవరు కాగితాలు నలిపేస్తున్నాడని పెదనాన్నకి చెప్పాడు. ప్రెస్సు పెదనాన్నదే. డ్రైవరు ఎప్పుడూ ఏమీ నలపలేదు.

"ఇవాళ మొహం రెండువైపులా ఉందే," అంది బ్లేడు.

"ఎటువైపు బావుంది?"

"దూది ఉన్నవైపు."

ఇంకు కాగితం పరిచాడు. బొమ్మని కొంచెం చిన్నది చేసి పైకి జరిపాడు. అడుగున ఖాళీ వదిలాడు. ఇప్పుడు రెండు వేళ్ళు మూస్తే మూతపడేది ఆ ఖాళీయే. సైనికుడు పైనే ఉంటాడు.

బ్లేడు చూసింది. మూడు వేళ్ళు మూసింది.

ఇంకు బొమ్మని ఇంకా పైకి జరిపాడు. ఆమె నాలుగు వేళ్ళు మూసింది.

అలా సాగింది. అతను బొమ్మని చిన్నది చేసేకొద్దీ ఆమె కిటికీని చిన్నది చేసింది. పోట్లాట మాత్రం పెద్దదయింది. అతను వచ్చే వేళకి ఆమె బల్ల సర్దేది. ఆమె బల్ల సర్దే వేళకి అతను ప్రెస్సులో తల దువ్వుకునేవాడు.

"మీకు కళ్ళు లేవు," అనేవాడు ఇంకు.

"ఉన్నాయి. అందుకే మీ రంగులు చూడలేక మూసేస్తున్నా."

"ఈ ఆకాశం చూడండి. ఇలాంటి నీలం ఇంకెవరు తీస్తారు?"

"మా పక్కింటి నీళ్ళట్యాంకు అదే రంగు. దానికెవరూ ఫ్రేము కట్టలేదు."

వాన పడుతుంటే పోట్లాట ఎక్కువసేపు సాగేది. అతనికి వెళ్ళడానికి వీలుండేది కాదు. రెయిన్‌కోటు అక్కడే ఉందన్న సంగతి అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

చివరికొక రోజు ఒక పెద్దమనిషి ఫ్రేము కొనడానికి వచ్చాడు. గోడ మీద కొత్తది చూశాడు. పెద్ద ఫ్రేము, విశాలమైన తెల్ల అట్ట, మధ్యలో అగ్గిపెట్టెంత కిటికీ. అందులో గుర్రం చెవి ఒకటి కనిపిస్తోంది.

"ఇదేం బొమ్మమ్మా?"

"యుద్ధమండీ," అంది బ్లేడు.

"ఎవరికీ ఎవరికీ?"

బ్లేడు నోరు తెరిచేలోపు లోపల్నించి అత్తయ్య అంది, "మా షాపుకీ ప్రెస్సుకీ."

పెద్దమనిషి ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు.

*

అత్తయ్య రాజీకి పిలిచింది. ఇంకుని, మేనకోడల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టింది. మధ్యలో తను కూర్చుంది.

"ఇలా అయితే నా అట్టలన్నీ చెత్తబుట్టలోకే పోతాయి," అంది. "వినండి. కింద ఒక్క వేలు మూస్తాం. మీ సైనికుడు సగం కనిపిస్తాడు, ఆ నీళ్ళిచ్చేవాడు మొత్తం కనిపిస్తాడు. మా వాళ్ళ అన్నం అరుగుతుంది, మీ ఎరుపు బతుకుతుంది. బొమ్మ ఇదివరకటిలా పెద్దదే తియ్యండి. నకళ్ళు మళ్ళీ వ్యానులో పంపించెయ్యండి. మీరు పని మానుకుని రావక్కర్లేదు. సరేనా?"

న్యాయంగానే ఉంది. అదే చిక్కు.

బ్లేడుకి ఒక్కటే తోచింది. పోట్లాట లేకపోతే ఇతను రాడు. రావడానికి ఇంకో కారణమంటూ ఏమీ లేదు. కాదనమని మనసులో అతన్ని బతిమాలుకుంది. పైకి మాత్రం స్కేలు మీది గీతలు చూస్తూ కూర్చుంది.

ఇంకు ఆమె వంక చూశాడు. ఎప్పుడూ మాట వెనక మాట విసిరే మనిషి తలెత్తడం లేదు. విసిగిపోయిందనుకున్నాడు. రోజూ వచ్చి ప్రాణం తీస్తున్నానని అనుకున్నాడు.

"సరేనండీ," అన్నాడు.

"నువ్వేమంటావే?" అంది అత్తయ్య.

"నాదేముంది. ఆయనకే సరే అయితే నాకూ సరే," అంది బ్లేడు. లేచి అతని రెయిన్‌కోటు తెచ్చి చేతిలో పెట్టింది. మడత పెట్టి ఉంది. ఉతికినట్టు కూడా ఉంది.

దాన్ని పట్టుకుని అతను ఎండలోకి వెళ్ళాడు. ఆ రోజు వాన కూడా పడలేదు.

*

తరవాత అంతా ప్రశాంతంగా ఉంది. వ్యాను వేళకి వచ్చేది. డ్రైవరు కాగితాలు దించి, నవ్వి, వెళ్ళిపోయేవాడు. బ్లేడు ఒక వేలు కొలిచి కోసేది. అత్తయ్య ఒక మౌంటు పట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూసింది. కోత ఒక పక్కకి ఒరిగిపోయింది.

"ఏమైందే నీకు? చిన్నప్పట్నించీ నీ చేతిలో గీత వంకర పోలేదు."

"పదును పోయింది అత్తయ్యా."

"కట్టరుకా?"

బ్లేడు ఇంకో అట్ట తీసుకుంది.

ప్రెస్సులో పెదనాన్న మిషను ఆపి చెవి ఒగ్గి విన్నాడు.

"ఆ చప్పుడు నీదట్రా? గాలి గొట్టం ఊడిందేమోనని మిషను ఆపేశాను. నిట్టూర్చేవాడివి బయటికెళ్ళి నిట్టూర్చు."

"పన్ను నొప్పి, పెదనాన్నా."

"పీకించేశావుగా."

"ఇంకోటి."

అది మాత్రం అబద్ధం కాదు. ఇంకు డాక్టరు దగ్గరికి వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద ఆ ఫ్రేము ఉంది. చూడకూడదనుకున్నాడు. చూశాడు.

సైనికుడు కనిపిస్తున్నాడు.

సగం కాదు, మొత్తం. బూట్ల దగ్గర్నించి జుట్టు దాకా. పక్కన ఎర్రకోటు, లోహపు టోపీ, అందులో నీళ్ళు. మౌంటు కొత్తది. అడుగున వెంట్రుకవాసి కూడా మూయలేదు. కోత ఎంత శుభ్రంగా ఉందంటే చేత్తో కోసినట్టే లేదు.

"ఈ ఫ్రేము మళ్ళీ మార్చారా?" అని అక్కడి నర్సుని అడిగాడు.

"లేదండీ. మీరు పట్టుకెళ్ళారుగా, ఆ మర్నాడే ఒకమ్మాయి తెచ్చి తగిలించింది. పక్కకి పోయిందేమోనని పదిసార్లు సర్దింది. అప్పట్నించీ ఎవరూ ముట్టుకోలేదు."

ఇంకు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అంటే ఆమె మొదటి రోజే ఒప్పుకుంది. ఆ తరవాత జరిగిన యుద్ధమంతా ఉత్తుత్తిదే. ఆ మూడు వేళ్ళు, నాలుగు వేళ్ళు, గుర్రం చెవి, నీళ్ళట్యాంకు, అన్నీ తను మళ్ళీ రావాలని. తనేమో సరేనండీ అని వచ్చేశాడు.

"లోపలికి రండి. నోరు తెరిచే ఉందిగా, మంచిది," అన్నాడు డాక్టరు గుమ్మంలోంచి.

"నొప్పి పోయింది డాక్టరుగారూ," అని ఇంకు మెట్లు దిగి పరిగెత్తాడు. వాన మొదలైంది. పెదనాన్నకి ఒక మాట చెప్పి ఫ్రేముల షాపుకి పోదామని ముందు ప్రెస్సుకి వెళ్ళాడు.

ప్రెస్సులో బ్లేడు నిలబడి ఉంది.

ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. చేతిలో చుట్టిన నకలుంది. మొహం యుద్ధానికి వచ్చినట్టే పెట్టింది. కానీ కాళ్ళకి ఒక చెప్పు నలుపు, ఒక చెప్పు గోధుమరంగు. ఒకటి ఆమెది. రెండోది ఎవరిదో.

"ఇదేం రంగండీ?" అంది. నకలు బల్ల మీద పరిచింది. "ఈ గుర్రం చూడండి. ఎరుపు తక్కువైంది."

ఇంకు చూశాడు. గుర్రం లక్షణంగా ఉంది. అతని చేతి మీదుగా వచ్చిన గుర్రాలన్నిటిలోకీ అదే బాగుంది. సరిగ్గానే ఉందని చెప్పబోయాడు. సరిగ్గా ఉంటే ఆమె ఇంటికి వెళ్ళిపోవాలి.

"నిజమే," అన్నాడు. "బాగా తక్కువైంది. కూర్చోండి, సరిచేద్దాం."

కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆమె కుర్చీ జరుపుకుంది. అతను ఎరుపు కొంచెం పెంచి గుర్రం ముక్క ఒకటి చిన్న కాగితం మీద తీశాడు. తీగ మీద క్లిప్పు పెట్టి వేలాడదీశాడు.

"చాలా?"

"ఇంకొంచెం."

ఇంకోటి తీశాడు.

"ఇప్పుడు?"

"దగ్గరికొచ్చింది. ఇంకొంచెం."

బయట వాన దంచుతోంది. ఎవరికీ తొందర లేదు. తీగ మీద గుర్రాలు వరసగా వేలాడాయి. మొదటిది గోధుమరంగు. తరవాతది ఇటుక. ఆ తరవాతది టమాటా. అటుపక్కగా వెళుతున్న పెదనాన్న ఆగి చూశాడు.

"ఆ గుర్రానికేమైందిరా? సిగ్గుపడుతోందా?"

ఆయన తనలో తనే తలూపుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఆ రోజు సరే అన్నావెందుకు?" అంది బ్లేడు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. అండీలు ఎక్కడో జారిపోయాయి.

"మీరు విసిగిపోయారనుకున్నాను."

"నాకు విసుగొస్తే చెప్పనా? నాకు నోరు లేదని ఎవరన్నా చెప్పారా నీకు?"

"అన్నీ చెబుతారు. ఒక్కటే చెప్పరు."

"ఏది?"

"ఇప్పుడే డాక్టరు దగ్గర్నించి వస్తున్నా. అక్కడ గోడ మీద చూశాను. మొత్తం మనిషిని."

బ్లేడు చెవులు తీగ మీది చివరి గుర్రం రంగుకి వచ్చాయి. ఇంకు ఆ రంగు వంక చూశాడు. అది ఏ మిషను మీదా రాదని అతనికి తెలుసు.

"మొదటి రోజే కోశారు," అన్నాడు.

"ఆ నీళ్ళిచ్చేవాణ్ణి మళ్ళీ కప్పెయ్యడానికి చెయ్యి రాలేదు."

"మరి నాతో ఎందుకు పోట్లాడారు?"

"పోట్లాడకపోతే వచ్చేవాడివా?" అంది. తరవాత ఆగలేదు. "షాపుకి ఎంతమంది రావడం లేదు? ఒక్కరితోనూ పోట్లాడబుద్ధి కావడం లేదు. డ్రైవరు పొద్దున పొరపాటున నా స్కేలు తొక్కాడు. పోనీలెమ్మన్నాను. నేను. పోనీలెమ్మన్నాను. ఇలాగైతే నేనేమైపోతాను? నాకు రోజూ నువ్వు కావాలి, ఎదురుగా నిలబడి కాదనడానికి. ఇక నువ్వు చెప్పు. సరేనండీ అన్నావంటే మాత్రం ఈ కుర్చీ విరుగుతుంది."

ఇంకుకి ఈసారి దూది లేదు, మత్తు లేదు. అయినా మొహం పూర్తిగా అదుపులోకి రాలేదు. రెండువైపులా నవ్వేస్తోంది.

"సరే అనను," అన్నాడు. "నేను ముందు అందామనుకున్నాను. నువ్వు ముందు అనేశావు. దీనికి నేను ఒప్పుకోను."

"ఒప్పుకోక?"

"మళ్ళీ మొదట్నించీ. ముందు నేనంటాను. నువ్వంటే నాకు..."

"ఇక్కడున్నావుటే," అంది అత్తయ్య.

గుమ్మంలో గొడుగు ముడుస్తోంది. ఆమె కాళ్ళకి కూడా ఒక చెప్పు నలుపు, ఒకటి గోధుమరంగు.

"నా చెప్పొకటి వేసుకుని పరిగెత్తావు. మిగిలినవి వేసుకుని వచ్చాను. దార్లో అందరూ నా కాళ్ళే చూశారు." అని, తీగ మీది గుర్రాల వరస చూసింది. తరవాత మేనకోడలి చెవులు చూసింది. ఇంకు మొహం చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఈ ఎర్రగుర్రం ఎవరి ఇంటికి?"

ఇద్దరూ నేల చూశారు.

"నా షాపులో దీన్ని ఎవరూ కొనరు. అందుకే అడుగుతున్నాను, చెప్పండి."

"అమ్మడానికి కాదండీ," అన్నాడు ఇంకు. గొంతు సవరించుకున్నాడు. "మా ఇద్దరి ఇంటికి. మీరు ఒప్పుకుంటే."

అత్తయ్య స్టూలు లాక్కుని కూర్చుంది. మేనకోడలు చిన్నప్పట్నించీ ఆమె దగ్గరే పెరిగింది. కట్టరు పట్టుకోవడం ఆమే నేర్పింది. బ్లేడు ప్రాణమంతా ఆ కళ్ళజోడు వెనకే ఉంది.

"నాకు కోత ఎవరు కోస్తారే?" అంది అత్తయ్య మెల్లిగా.

"నేనే కోస్తాను. పొద్దున్నే వస్తాను, సాయంత్రం వెళతాను. నేను లేకుండా నువ్వు ఒక్క అట్టన్నా తిన్నగా కోయగలవా?"

"చూశారా నోరు," అంది అత్తయ్య ఇంకుతో. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "ఈ వారమంతా ఇది నాతో మర్యాదగా మాట్లాడింది బాబూ. హడలిపోయాను. దీనికి జబ్బేమోనని డాక్టరు దగ్గరికి తీసుకెళదామనుకున్నాను. చేసుకోండి. చేసుకుని మీ ఇంట్లో కొట్టుకోండి. నా అట్టలన్నా మిగులుతాయి."

పెదనాన్న లోపల్నించి టీ గ్లాసులతో వచ్చాడు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేకుండా వింటూనే ఉన్నాడు. అత్తయ్య చేతికి ఒక గ్లాసిచ్చి, ఇంకు వీపు మీద ఒకటి చరిచి, పక్కన నిలబడ్డాడు.

ఇంకు పెద్ద కాగితం మిషనులో పెట్టాడు. ఎర్రగుర్రం పూర్తి సైజులో నెమ్మదిగా బయటికి రావడం మొదలైంది. ఇద్దరూ రెండు అంచులు పట్టుకున్నారు.

"తలుపుకి ఎదురుగా పెడదాం," అన్నాడు ఇంకు. "వచ్చినవాళ్ళకి ముందు ఇదే కనబడాలి."

"తలుపుకి ఎదురుగానా? ఎండ సూటిగా పడుతుంది. రంగంతా వెలిసిపోతుంది."

"నేను తీసిన రంగు వెలవదు."

"ఎన్ని చూడలేదు. పడమటి గోడకి పెడదాం."

"అక్కడ బీరువా వస్తుంది."

"బీరువా ఎందుకొస్తుంది అక్కడ? నన్నడక్కుండా బీరువా ఎవరు పెట్టారు?"

అత్తయ్య గ్లాసు దించింది. "ఏ గోడే? ఇల్లెక్కడుంది?"

వాళ్ళకి వినబడలేదు. బీరువా గొడవ వంటింటి దాకా వెళ్ళింది.

అత్తయ్య పెదనాన్న వైపు తిరిగింది.

"ముందు మీరొక ఇల్లు చూడండి అన్నయ్యగారూ," అంది. "గోడలు ఎక్కువున్నది."